పీర్ల పండగలో వచ్చిన బండి

ఇమాం హుస్సేన్ పీర్ల పండగ రోజుల్లో పుట్టాడు. ఆ పేరు అందుకే పెట్టారు. సత్తెనపల్లిలో మా వీధి చివర పీర్ల చావిడి ఉంది. దానికి ఆనుకునే వాళ్ల ఇల్లు. వాళ్లు నూర్‌బాషాలు. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. తండ్రి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. దూదేకే మిషన్లు వచ్చాక ఆయన విల్లు దూలానికి వేలాడదీసి కూర్చున్నాడు. కొడుకు లారీల మీద క్లీనరుగా వెళ్లి, స్టీరింగు నేర్చుకుని, చివరికి మిర్చి కమీషన్ వ్యాపారి రామాంజనేయులు దగ్గర జీపు డ్రైవరుగా కుదిరాడు.

ఆ పని గురించి తెలియనివాళ్లకి కొంచెం చెప్పాలి. మిరపకాయల సీజన్‌లో బయటి రాష్ట్రాల కొనుగోలుదార్లు గుంటూరు యార్డుకి వస్తారు. వాళ్లని లాడ్జి దగ్గర ఎక్కించుకుని, కల్లాల్లో ఎండబోసిన కాయలు చూపించి, కోల్డు స్టోరేజీల చుట్టూ తిప్పి, భోజనం పెట్టించి మళ్లీ లాడ్జిలో దింపాలి. రోజంతా ఘాటు. సాయంత్రానికి కళ్లు ఎర్రబడిపోతాయి. జీపులో కూర్చునేవాడు ఎవడూ డోరు తనంతట తాను తీసుకోడు. డ్రైవరు దిగి వచ్చి తియ్యాలి. ఇమాం హుస్సేన్ చాలా ఏళ్లు అలా దిగి, చుట్టూ తిరిగి వచ్చి, డోర్లు తీశాడు. రామాంజనేయులు కొట్టు దగ్గర ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. "ఒరేయ్ సాయిబూ" అనేవాళ్లు. ఆయన పలికేవాడు.

సంవత్సరంలో ఒక్కరోజు మాత్రం వేరుగా ఉండేది. చావిడిలో ఉన్న పీర్లలో అన్నిటికన్నా పెద్దది ఎత్తే హక్కు వాళ్ల ఇంటిది. ఎప్పుడో కలరా వచ్చినప్పుడు వాళ్ల తాత మొక్కుకున్నాడట, ఇంట్లో మిగిలినవాళ్లు బతికితే మగవాడు ఉన్నంతకాలం ఎత్తుతామని. తాత తర్వాత తండ్రి, తండ్రి తర్వాత ఇమాం హుస్సేన్. పదోరోజు ఆయన ఆ పీరు ఎత్తుకుని వీధిలోకి వస్తుంటే కోమట్ల ఇళ్లలో ఆడవాళ్లు, కమ్మవారి ఇళ్లలో ఆడవాళ్లు, మా పేటలో ఏసుప్రభువుని నమ్మిన ఆడవాళ్లు కూడా, బిందెలతో ఎదురొచ్చి ఆయన కాళ్ల మీద నీళ్లు పోసేవాళ్లు. రామాంజనేయులు భార్య కూడా పోసేది. రామాంజనేయులు పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాడు.

అందుకోసం ఆయన ఆ పది రోజులూ నిష్ఠగా ఉండేవాడు. చెప్పులు వేసుకోడు. నేల మీద పడుకుంటాడు. మాంసం ముట్టడు. కొత్తది ఏదీ చేత్తో పట్టుకోడు. కొత్త చొక్కా కాదు గదా, కొత్త చీపురు కూడా ఆ ఇంట్లోకి రాదు. ఇదంతా గ్రంథాల్లో ఉందా అని నేను ఒకసారి అడిగాను. అప్పటికే నాకు దొరికిన పుస్తకమల్లా చదివి, దొరికినవాడినల్లా ప్రశ్నలడిగే జబ్బు ఉండేది.

"ఏమో అబ్బాయ్. మా తాతకి చదువు రాదు" అన్నాడు.

రెండు వేల ఒకటిలో ఆయనకి సొంతబండి మీద మనసు పడింది. కొత్తగా వచ్చిన డీజిల్ బండి ఒకటి అప్పట్లో జిల్లా అంతా ఊపేస్తోంది. పదిమంది పడతారు, ఏసీ ఉంది, జీపులాగా నడుములు విరగవు. దాని పేరు నేను రాయను. నేను రాయకపోతే అమ్మకాలేమీ ఆగవు. బేరగాళ్లు జీపు ఎక్కడానికి మొహం చిట్లించడం మొదలెట్టారు. రామాంజనేయులు జీపు అమ్మేస్తానన్నాడు.

"నేను బండి కొననురా. డ్రైవరు జీతం, రిపేర్లు, నాకెందుకీ తలనొప్పి? నువ్వే కొనుక్కో. సీజనంతా బాడుగ నీకే ఇస్తా" అన్నాడు.

ఇమాం హుస్సేన్ భార్య జైనాబీ పుట్టింటివాళ్లిచ్చిన కొంచెం పొలం ఉంది. అది అమ్మారు. మిగతాదానికి బ్యాంకు ఒప్పుకుంది. బుకింగు రోజున నన్ను కూడా రమ్మన్నాడు. నేను అప్పుడు మా వీధి మొదట్లో ఎస్టీడీ బూత్ నడుపుతున్నాను. ఫోన్ నంబరు నాదే ఇవ్వాలి కాబట్టి నేను పక్కన ఉంటే మంచిదనుకున్నాడు.

షోరూం గుంటూరులో, మంగళగిరి వెళ్లే రోడ్డు మీద ఉంది. నేల అద్దంలా ఉంది. ఇమాం హుస్సేన్ చెప్పులు బయట విప్పబోతే గేటు దగ్గర మనిషి వద్దన్నాడు. లోపల అస్లాం అనే కుర్రాడు టై కట్టుకుని కూర్చోబెట్టాడు. పేరు చూసి ఉర్దూలో పలకరించాడు.

"తమ్ముడూ, మాకు ఆ భాష అంతంతమాత్రం. తెలుగులో కానీ" అన్నాడు ఇమాం హుస్సేన్.

"మా నాయనమ్మా అంతేనండి, తిట్టేటప్పుడు మటుకే ఉర్దూ" అని నవ్వాడు అస్లాం. కూల్ డ్రింకు తెప్పించాడు. రంగు అడిగాడు. సంతకాలు అయ్యాక, చాలా మర్యాదగా, ఇంకో మాట అడిగాడు.

"బండి వచ్చాక కస్టమర్లు మంచిరోజు కాదంటారండి, మూఢం అంటారు, అమావాస్య అంటారు. మనకెందుకు ఆ గొడవ? మీకు పనికిరాని రోజులేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పండి. చూసుకుని పిలుస్తాం."

ఇమాం హుస్సేన్ మొహం వెలిగిపోయింది. అన్నేళ్లలో ఆయన్ని ఎవరూ, నీకు ఏ రోజు వీలవుతుంది అని అడగలేదు. పొద్దున నాలుగింటికి రా అనేవాళ్లు, వచ్చేవాడు. ఆయన కుర్చీ ముందుకి జరిపి చావిడి గురించి, తాత గురించి, పీరు బరువు గురించి చెప్పడం మొదలెట్టాడు. అస్లాం తల ఊపుతూ విన్నాడు.

"ఆ పది రోజులూ మాత్రం వద్దు తమ్ముడూ. సూది కూడా కొనం. మిగతా ఎప్పుడు పిలిచినా, అర్ధరాత్రి పిలిచినా వస్తా."

"అలాగేనండి. రాసుకున్నా."

బస్సులో తిరిగి వస్తూ "మర్యాద తెలిసిన కుర్రాడు" అని రెండు మూడుసార్లు అన్నాడు.

వరస వస్తే పిలుస్తామన్నారు. పిలిచాక రెండు రోజుల్లో బండి తీసుకోకపోతే వరస పోతుందని, పేరు మళ్లీ చివరికి వెళ్తుందని కాగితంలో ఉంది. నేను చదివి వినిపించాను. "పిలిస్తే రెండు రోజులు ఎందుకు, రెండు గంటలు చాలు" అన్నాడు.

వానలు వచ్చాయి, పత్తి తీతలు అయ్యాయి, మిరప పూత పట్టింది. వరస రాలేదు. రోడ్డు మీద మాత్రం అవే బండ్లు, నంబరు ప్లేటు కూడా లేకుండా, ఒంగోలు వైపు పోతూ కనిపించేవి. ఒకసారి పెట్రోలు బంకులో ఒక డ్రైవరుని అడిగితే, మా అయ్యగారు గ్రానైట్ వ్యాపారి, అడిగిన నెలలోపే ఇచ్చారు అన్నాడు. షోరూంకి ఫోన్ చేశాను. "అది వేరే కోటా అండి" అన్నారు. పైన కొంత ముట్టజెప్పినవాళ్లకి వరస అక్కర్లేదని గుంటూరులో టీ కొట్టువాడికి కూడా తెలుసు. ఇమాం హుస్సేన్‌కి చెప్పాను.

"ఇచ్చుకునేవాళ్లు ఇచ్చుకుంటారు. మన వరస మనకి వచ్చిద్దిగా" అన్నాడు.

జీపు అమ్ముడుపోయింది. సీజన్ మొదలైంది. రామాంజనేయులు చావిడి దగ్గర ఆగి చెప్పి వెళ్లాడు. "చూడు సాయిబూ, మార్చి దాకా ఎట్లాగోట్లా నెట్టుకొస్తా. అప్పటికీ నీ బండి రాకపోతే గుంటూరు వాడితో మాట్లాడేసుకుంటా. బేరగాళ్లు నీకోసం ఆగుతారంట్రా?"

మార్చిలో నెలవంక కనపడింది. పీర్లని చావిడిలో నిలబెట్టారు. ఇమాం హుస్సేన్ చెప్పులు విప్పి గూట్లో పెట్టాడు. మూడోరోజు పొద్దున బూత్‌లో ఫోన్ మోగింది.

ఆడపిల్ల గొంతు. కంగ్రాట్స్ చెప్పింది. ఇమాం హుస్సేన్ గారి బండి వచ్చిందని, ఎల్లుండి సాయంత్రంలోగా తీసుకోవాలని, లేకపోతే వరస పోతుందని చెప్పి పెట్టేసింది.

నేను చావిడికి వెళ్లేసరికి ఆయన ఊదు వేస్తున్నాడు. చెప్పాను. చేతిలో ఊదు అలాగే ఉండిపోయింది.

"వాళ్లకి చెప్పాంగా" అన్నాడు.

"చెప్పాం."

"మర్చిపోయుంటారు. పనిమీద ఉంటారు గదా."

ఇంట్లో జైనాబీ బియ్యం ఏరుతోంది. ఆమె తక్కువ మాట్లాడే మనిషి. విని, చేట పక్కన పెట్టింది.

"వెళ్లి అడుగు. వారం ఆపమను. వద్దంటున్నామా ఏంది, వారం ఆగమంటున్నాం."

"ఆపకపోతే?"

"ఆపకపోతే తెచ్చుకో."

ఆయన ఆమె వైపు చూశాడు.

"అట్లా చూడమాక. నువ్వు పీరు ఎత్తుతావు, నీ కాళ్ల మీద నీళ్లు పోస్తారు. ఈ పది రోజులూ పొయ్యి దగ్గర నిష్ఠ పట్టేది నేను. నా కాళ్ల మీద ఎవరు పోశారు? నేను చెబుతున్నా. నువ్వు ఇంకొకళ్ల డోర్లు తీసింది చాలు. తెచ్చుకో."

మర్నాడు బస్సెక్కాం. ఆయన ఉత్త కాళ్లతోనే వచ్చాడు. బ్యాంకు డ్రాఫ్టు చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. తీసుకోవడానికి కాదు, మనం ఉత్తినే అడగడం లేదని చూపించడానికి అన్నాడు.

షోరూంలో అస్లాం మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. మొదట ఆయన కాళ్లకేసి చూశాడు.

"అరె, వచ్చేశారేంటండి? మీకు ఇప్పుడు పండగ కదా" అన్నాడు.

అన్నాక నాలిక కరుచుకున్నాడు.

ఇమాం హుస్సేన్ మెల్లగా అన్నాడు. "గుర్తుంది గదా తమ్ముడూ. మరి ఇప్పుడెందుకు పిలిచావు?"

"నేను కాదండి. పిలిచేది పైవాళ్లు. నాకు తెలియదు."

పక్క సోఫాలో ఒక పెద్దామె కూర్చుని ఉంది. నేత చీర, చేతిలో గొడుగు. ఆమె మమ్మల్ని తేరిపార చూసింది.

"ఏవయ్యా, నిన్ను కూడా వద్దన్న రోజుల్లోనే పిలిచారా?"

ఆమె పేరు సుబ్బరావమ్మ. ఒంగోలు దగ్గర పల్లెలో పొగాకు వేయిస్తుందట. పుష్యమాసంలో ఏ వస్తువూ కొననని బుకింగు రోజున చెప్పింది. పుష్యమాసంలోనే ఫోన్ వచ్చింది. మాఘం రాగానే తీసుకుంటానంటే వరస పోయిందన్నారు. అప్పటినుంచి నెలకోసారి బస్సెక్కి వచ్చి ఆ సోఫాలో కూర్చుని వెళుతోంది.

"ఎందుకమ్మా కూర్చోవడం?" అని అడిగాను.

"ఏసీలో కూర్చోవడానికిరా అబ్బాయ్. మా ఊళ్లో కరెంటు లేదు" అంది. నవ్వలేదు.

నాకు అప్పుడు అర్థమైంది. వీళ్లు మనిషిని మర్యాదగా కూర్చోబెట్టి, నీకు పనికిరాని రోజు ఏదని అడుగుతారు. మనవాళ్లు నమ్మకంగా చెబుతారు. హిందువైతే పుష్యమో ఆషాఢమో. మా క్రైస్తవులయితే ఈస్టరు ముందు వచ్చే శ్రమల దినాలు. సరిగ్గా ఆ రోజే పిలుస్తారు. ఆ మనిషి రాడు. వరస వాళ్ల చేతిలో పడుతుంది. దాన్ని పైన ముట్టజెప్పినవాడికి అమ్ముతారు. ఎవరూ అబద్ధం ఆడలేదు. ఎవరి డబ్బూ తినలేదు. కాగితంలో ఉన్నట్టే జరిగింది.

మేనేజరు గదిలోకి మమ్మల్ని పిలిచారు. పిలవకపోయినా సుబ్బరావమ్మ కూడా వచ్చి కూర్చుంది. మేనేజరు మంచి తెలుగు మాట్లాడాడు. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు.

"మీ నమ్మకాల మీద మాకు చాలా గౌరవం అండి. కానీ ఒక్కరికి ఆపితే అందరికీ ఆపాలి. రూలు రూలే."

"వారం అండి. పదోరోజు సాయంత్రానికి అయిపోద్ది. పదకొండోరోజు పొద్దున్నే మీ గేటు దగ్గరుంటా" అన్నాడు ఇమాం హుస్సేన్.

"నాకు తెలియక అడుగుతున్నా. మొహర్రంలో బండి కొనకూడదని మీ మతంలో ఎక్కడన్నా ఉందా? మా అస్లాం ఉన్నాడు, నమాజు చేసే కుర్రాడు. లేదంటాడు."

అస్లాం గుమ్మం దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు.

"లేదండి" అన్నాడు ఇమాం హుస్సేన్. "ఎక్కడా లేదు. మా తాత మొక్కు, అంతే."

"మరి ఇంకేమిటి?" అని మేనేజరు చేతులు చాపాడు. "ఒక పని చేయండి. ప్రస్తుతానికి వద్దని ఇక్కడ సంతకం పెట్టండి. మళ్లీ వరస రాగానే మొదటి ఫోన్ మీకే."

"ఎప్పటికి వచ్చిద్ది?"

"దసరాకి చూద్దాం."

దసరా అంటే సీజన్ పోయినట్టే. రామాంజనేయులు బాడుగ పోయినట్టే. పొలం ఎలాగూ పోయింది. ఇమాం హుస్సేన్ పెన్ను తీసుకున్నాడు. అది కొత్త పెన్నేమోనని ఒకసారి తిప్పి చూశాడు. నాకు ఆ గదిలో ఉన్న అద్దాలన్నీ పగలగొట్టాలనిపించింది. ఆయన పెన్ను బల్ల మీద పెట్టాడు.

"ఒకసారి బండి చూడొచ్చా అండి?"

మేనేజరు మొదటిసారి తడబడ్డాడు. "తీసుకోనప్పుడు చూసి ఏం చేస్తారు?"

"చూస్తే అరిగిపోద్దా?" అంది సుబ్బరావమ్మ, లేచి.

వెనక రేకుల షెడ్డులో బండ్లు ఉన్నాయి. సిమెంటు నేల ఎండకి కాలిపోతోంది. మేం చెప్పుల్లో నడుస్తుంటే ఆయన ఉత్త కాళ్లతో నడిచాడు. అస్లాం ఒక బండి ముందు ఆగాడు. తెల్లది. ఇమాం హుస్సేన్ ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని అద్దంలోంచి చూశాడు.

సీట్లకి మెరూన్ రంగు వెల్వెట్ కవర్లు తొడిగి ఉన్నాయి. ముందు అద్దం దగ్గర చిన్న దేవుడి బొమ్మ అతికించి ఉంది. ఆయన వెనక్కి నడిచాడు. వెనక అద్దం మీద రేడియం అక్షరాలు. శ్రీ లక్ష్మీనరసింహ ప్రసన్న. కింద రెండు పేర్లు, జస్వంత్, హారిక. ఆయన కూడబలుక్కుని చదివాడు.

"ఇది నా వరస బండే గదా తమ్ముడూ?"

"అవునండి."

"ఈ పిల్లలెవరు?"

అస్లాం టై సర్దుకున్నాడు.

"నీకు పిల్లలు పుట్టారయ్యా సాయిబూ. పేర్లు కూడా పెట్టేశారు. నీకే కబురు రాలేదు" అంది సుబ్బరావమ్మ.

ఇమాం హుస్సేన్ అక్కడే నిలబడ్డాడు. ఆయన రానని వాళ్లకి ఎంత నమ్మకం అంటే, ఇంకొకడి పిల్లల పేర్లు అతికించి పెట్టుకున్నారు. ఆయన నిష్ఠని ఆయనకన్నా వాళ్లే ఎక్కువ నమ్మారు. దాని మీద బేరం కుదుర్చుకున్నారు. ఆయన కాలు మార్చి కాలు నేలకి ఆనిస్తున్నాడు. నీడలోకి రమ్మని నేను చెయ్యి పట్టుకోబోతే విడిపించుకున్నాడు.

"తీసుకుంటా" అన్నాడు.

"ఏంటండి?"

"బండి. ఇయ్యాలే తీసుకుంటా. రెండు రోజుల గడువు ఉందిగా. మేనేజరు గారికి చెప్పు, నాకు పండగ లేదని."

ఆ తర్వాత జరిగినదాన్ని చూడవలసింది. రూలు రూలే అన్న మనిషికి వంద అడ్డంకులు కనపడ్డాయి. సర్వీసు వాళ్లు చెక్ చెయ్యలేదన్నాడు. ఇన్సూరెన్సు మనిషి రాలేదన్నాడు. టెంపరరీ నంబరు కాగితం రేపుగాని రాదన్నాడు. రేపటికి గడువు ఉందిగా, ఇక్కడే ఉంటా అని ఇమాం హుస్సేన్ వెళ్లి షోరూం మధ్యలో నేల మీద కూర్చున్నాడు. కుర్చీ వేస్తే ఎక్కలేదు. ఆ పది రోజులు కుర్చీ ఎక్కకూడదనేం లేదు. ఆయనకి అలా అనిపించింది. అద్దంలాంటి నేల మీద, కాలిన పాదాలతో, డ్రాఫ్టు చేతిలో పట్టుకుని. సుబ్బరావమ్మ సోఫా దిగి ఆయన పక్కనే కింద కూర్చుంది. కొత్తగా వచ్చిన కస్టమర్లందరికీ తన పుష్యమాసం సంగతి, ఆయన పీర్ల పండగ సంగతి గొంతు తగ్గించకుండా చెప్పడం మొదలెట్టింది. ఒక జంట బుకింగు చెయ్యకుండానే వెళ్లిపోయింది.

ఎండ తగ్గే వేళకి బండి ముందుకి వచ్చింది. సీటు కవర్లు, బొమ్మ పీకేశారు. అస్లాం బ్లేడు తీసుకుని వెనక అద్దం మీద అక్షరాలు గీకుతున్నాడు. పిల్లల పేర్లు పోయాయి. పై అక్షరాల మీదకి బ్లేడు పోతుంటే ఇమాం హుస్సేన్ ఆపాడు.

"దేవుడి పేరు. బ్లేడుతో గీకమాక. ఉండనీ."

అస్లాం తాళాలు ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇచ్చాడు. ఆయన తీసుకుని ఎక్కి కూర్చున్నాడు. నిమ్మకాయలు లేవు, స్వీటు లేదు. అక్కడ ప్రతి డెలివరీకి తీసే ఫొటో కూడా తియ్యలేదు.

సుబ్బరావమ్మని బస్టాండులో దింపాం. దిగేటప్పుడు ఆమె కూడా డోరు తీసుకోవడం చేతకాక ఆగింది. ఆయన దిగి తిరిగి వచ్చి తీశాడు.

సత్తెనపల్లి రోడ్డెక్కాక నేను ఉండబట్టలేక "గెలిచాం బాబాయ్" అన్నాను.

ఆయన గేరు మార్చాడు. రెండు వైపులా కల్లాల్లో కాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. కొత్త ఇంజను చప్పుడు కూడా లేదు. ఊరికి ఇవతల జిన్నింగు మిల్లు దగ్గర ఆపి, వాచ్‌మన్‌తో మాట్లాడి, బండి లోపల పెట్టాడు. అక్కడినుంచి ఇద్దరం నడిచాం.

చావిడిలో ఆయన తమ్ముడు బుడాన్, ఇంకో ఇద్దరు పెద్దవాళ్లు ఉన్నారు. ఇమాం హుస్సేన్ గడప ఇవతలే నిలబడ్డాడు.

"ఒరేయ్ బుడాన్, పదోరోజు నువ్వు ఎత్తు."

"నీకేమైందన్నా?"

చెప్పాడు. బుడాన్ విన్నాడు. "ఇంటికి తేలేదుగా. బండి మిల్లులో ఉంది. పండగ అయినాక తెచ్చుకుంటావు. ఇందులో ఏముందన్నా? ఎవరడిగారు నిన్ను?"

"తాళం నా జేబులో ఉంది" అన్నాడు ఇమాం హుస్సేన్.

పెద్దవాళ్లలో ఒకాయన గడ్డం నిమురుకున్నాడు. తర్వాత, చెయ్యి మారితే మళ్లీ వెనక్కి రాదని నీకు తెలుసుగా అన్నాడు. వాళ్లలో అంతే. పీరు ఒకరి భుజం నుంచి ఇంకొకరి భుజానికి పోతే ఇక ఆ భుజానిదే. తెలుసన్నాడు.

పదోరోజు బుడాన్ ఎత్తాడు. అతనికి అలవాటు లేదు, పీరు ఒక పక్కకి ఒరిగేది. ఇమాం హుస్సేన్ వెనకే నడుస్తూ, ఎక్కడ గుంట ఉందో, ఎక్కడ కరెంటు తీగ కిందకి ఉందో చెబుతూ వచ్చాడు. సెంటరు దాటేసరికి బుడాన్‌కి పట్టు దొరికింది. ఆ తర్వాత ఇమాం హుస్సేన్ ఏమీ చెప్పలేదు. రామాంజనేయులు భార్య బిందెతో వచ్చి మొహం చూసి ఒక్క క్షణం ఆగింది. తర్వాత బుడాన్ కాళ్ల మీద పోసింది. జైనాబీ ఆ రోజు గుమ్మంలోకి రాలేదు. తలుపు సందులోంచి ఊదు పొగ వస్తూనే ఉంది.

నేను ఊరుకోలేదు. వినియోగదారుల ఫోరంకి అర్జీ రాశాను. లైబ్రరీలో చట్టం తెచ్చుకుని చదివి, ఎనిమిది పేజీలు రాశాను. సుబ్బరావమ్మ వేలిముద్ర కాదు, సంతకమే పెట్టింది. ఇమాం హుస్సేన్ దగ్గరికి తీసుకెళ్లాను. బండి కడుగుతున్నాడు.

"ఏం రాశావు?"

చదివి వినిపించాను.

"బాగా రాశావు. కానీ అబ్బాయ్, జడ్జి అడుగుతాడు, నీ వరస వచ్చినప్పుడు పిలిచారా అని. పిలిచారు. బండి ఇచ్చారా అని అడుగుతాడు. ఇచ్చారు. ఇంకా నీకేం పోయిందయ్యా అంటాడు. ఏం చెప్పను?"

"నీ పీరు పోయింది."

"అది వాళ్లు తియ్యలేదురా. నేనిచ్చాను."

సంతకం పెట్టలేదు. వారానికి సుబ్బరావమ్మ ఫోన్ చేసింది. ఆమెకి బండి ఇచ్చేశారట, తనే ముహూర్తం చెప్పుకోమన్నారట. "ఇక ఆ కాయితం వద్దులే నాయనా. చింపెయ్" అంది. ఆమెని నేను తప్పుపట్టను. ఆమెకి కావలసింది బండి. షోరూం ఇప్పటికీ అక్కడే ఉంది. ఇంకో అంతస్తు వేశారు.

ఇమాం హుస్సేన్ బాగానే ఉన్నాడు. అలా రాయడానికి నాకు కష్టంగా ఉంది కానీ నిజం. సీజనంతా ఖాళీ లేదు. బ్యాంకు వాయిదాలు ఆగలేదు. జైనాబీ ఇల్లు బాగు చేయించింది. కొట్టు దగ్గర ఆయన్ని ఇప్పుడు హుస్సేన్ గారూ అంటున్నారు, బండి సొంతదారు కాబట్టి. డోర్లు మాత్రం ఆయనే తీస్తాడు. అలవాటు పోలేదంటాడు.

మరుసటి ఏడు పీర్ల పండగ కూడా సీజన్‌లోనే వచ్చింది. పదోరోజున బాడుగ వద్దంటాడేమో అనుకున్నాను. ఒప్పుకున్నాడు. ఎక్కడినుంచో వచ్చిన ఇద్దరు బేరగాళ్లని ఎక్కించుకుని, గుంటూరు వెళుతూ నా బూత్ ముందుకి వచ్చేసరికి ఊరేగింపు రోడ్డుకి అడ్డంగా వస్తోంది. ఆయన బండి పక్కకి తీసి ఇంజను ఆపాడు.

వెనక సీట్లోవాడు వచ్చీరాని తెలుగులో ఎంతసేపు అని అడిగాడు. యార్డు మూసేస్తారన్నాడు. హారన్ కొట్టమన్నాడు.

"హారన్ కొట్టకూడదు సార్. పీర్లు పోయేదాకా ఆగాలి."

"నువ్వు వాళ్ల మనిషివేగా. దిగి చెప్పొచ్చుగా, దారిమ్మని."

ఇమాం హుస్సేన్ దిగాడు. దారిమ్మని చెప్పడానికి కాదు. డోరు మూసి, బండి పక్కన, ఎండలో నిలబడ్డాడు. పీరు ఆయన ముందునుంచి వెళ్లింది. బుడాన్ ఇప్పుడు తడబడడం లేదు. తలెత్తి ముందుకి చూసుకుంటూ వెళ్లాడు, అన్నని చూసినట్టు లేదు. తప్పెట్ల చప్పుడు వాగు వైపు మళ్లేదాకా ఆయన అలాగే ఉన్నాడు. తర్వాత ఎక్కి, ఆలస్యమైందని బేరగాళ్లకి క్షమాపణ చెప్పి, గుంటూరు రోడ్డు పట్టాడు.